నడవలోకే తిరిగొచ్చే ఆట

దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ గుమ్మం పక్కన గాలి ఎక్కువ, సగం మాట అటే కొట్టుకుపోతుంది. ఇలా గోడవారకి రండి, కాళ్ళు చాపుకోండి. చేతిలో పని ఉంటే అది చేసుకుంటూనే వినండి. నేను చెప్పబోయేది రాయగడలో మా అత్తవారింటి సంగతి. అందులో ఒక లెక్కల మిషను ఉంది, అందులో పెట్టిన ఒక ఆట ఉంది, మా అమ్మ కళ్ళు ఉన్నాయి. నా చదువు అయిదో తరగతితో సరి. బడిలో ఒడియా అక్షరాలు దిద్దాను. తెలుగు మాత్రం అమ్మే నేర్పింది, కకిరిగుమ్మలో మా ఇంటి అరుగు మీద బియ్యప్పిండి పరిచి, నా వేలు పట్టుకుని. మిషన్ల మాటలు ఎక్కడైనా తప్పుగా పలికితే మీరే సర్దుకోండి. జ్ఞాపకం మాత్రం నన్నెప్పుడూ మోసం చేయలేదు.

ముందు ఇల్లు చెప్పాలి. ఇల్లు తెలియకపోతే తక్కినదేమీ తెలియదు.

మా అత్తవారిది టోకు కొట్టు. చింతపండు, పసుపు, అల్లం, నూనె తీసే వలిసెలు, కొండ చీపుళ్ళు. కొండమీంచి దిగే సరుకు మా కొట్టులో తూకానికి పడి, అక్కణ్ణించి లారీలెక్కి విజయనగరం వైపు పోయేది. ఇల్లు రైలుపెట్టెలాగ పొడుగు. ముందు కొట్టు, దాని వెనక నడవ, ఆ వెనక పెద్దగది, తర్వాత వంటిల్లు, తర్వాత బావి ఉన్న చిన్న పెరడు, అన్నిటికీ చివర గోదాము. రెండు పక్కలా గోడలు ఇరుగుపొరుగుతో ఉమ్మడివి, అందుకని కిటికీ అన్నది లేదు. ఆకాశం చూడాలంటే బావి దగ్గరికి వెళ్ళి తల ఎత్తాలి. గోదాముకి వెనక సందులోకి ఒక తలుపు ఉండేది గాని, లారీ వచ్చినప్పుడే దాన్ని తీసేవారు. తక్కిన రోజుల్లో దానికి అడ్డంగా పైకప్పు దాకా చింతపండు బస్తాలే. కనుక వీధి మొహం చూడాలంటే దారి ఒక్కటే, కొట్టులోంచి.

ఆ దారికి ఒక ఆచారం ఉంది. తెల్లవారుతూనే మావగారు కొట్టు తెరిచి, గల్లాపెట్టె ముందు దీపం పెట్టి సాంబ్రాణి వేసేవారు. ఆ దీపం వెలిగిన దగ్గర్నించి కొట్టు కట్టేదాకా ఇంటి ఆడవాళ్ళు ఆ నేల తొక్కకూడదు. లక్ష్మి అక్కడ కూర్చుని ఉంటుందట. ఇంటి ఆడది కొట్టులోంచి వీధిలోకి నడిస్తే, ఆ వెనకే లక్ష్మి కూడా లేచి నడుస్తుందట. బయటివాళ్ళకి ఈ పట్టింపు లేదు. భుజాన పుస్తకాల సంచీ ఉన్న ఆడపిల్లకీ లేదు. కోడళ్ళకి ఉంది, చదువు ఆపేసిన ఆడపిల్లలకి ఉంది. ఎవరూ గద్దించి చెప్పేవారు కాదు, ఎవరూ అడ్డం నిలబడేవారూ కాదు. నడవకీ కొట్టుకీ మధ్య గుమ్మానికి ఒక ఆకుపచ్చ తెర వేలాడేది, అంతే. తెర కదిలితే అవతల మనుషుల పాదాలు కనిపించేవి. పెళ్ళై వచ్చిన కొత్తల్లో నేను ఊరిని పాదాలతోనే గుర్తుపట్టేదాన్ని.

ఇక మా అమ్మ. ఆమెకి కళ్ళల్లో నీటికాసులు వచ్చాయి. కొరాపుట్‌లో డాక్టరు చూసి, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది కూడా కొంచెం కొంచెంగా మూసుకుపోతుందనీ చెప్పాడట. ఆ సంగతి మా తమ్ముడు సరుకు పనిమీద వచ్చి, లోపలికి వచ్చే తీరిక లేక కొట్టులోనే మావగారితో చెప్పి వెళ్తే, ఆయన మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు నాకు చెప్పారు. కళ్ళు పూర్తిగా పోకముందు ఒకసారి నా ముఖం చూసుకోవాలని అమ్మ అడుగుతోందట. మావగారు చెడ్డవారు కారు. పాపం ఆ ముద్ద మింగలేక మింగి, దీపావళికి మా అబ్బాయి తీసుకెళ్తాడులే అన్నారు.

అప్పటికి వానాకాలం కూడా మొదలవలేదు.

కకిరిగుమ్మ ఏమంత దూరం అంటారా? దూరం కాదు. రైలెక్కితే మధ్యాహ్నానికి అమ్మ ముందు కూర్చోవచ్చు. కాని కొరాపుట్ వైపు పోయే పాసింజరు వచ్చేసరికి కొట్టులో దీపం వెలిగి చాలాసేపవుతుంది, కొండవాళ్ళు చీకటితోనే బరువులు దించుతారు కదా. తిరుగు బండి వచ్చే సాయంత్రం వేళకి కొట్టు ఇంకా కట్టరు. దీపం పెట్టకముందే బయటపడి స్టేషన్లో కూర్చోవడమంటే, కోడలు ఒంటరిగా బల్లమీద కూర్చుందని బండి వచ్చేలోపే ఊరంతా తెలుస్తుంది. మా ఆయనకి రోజుకో సంత, ఇవాళ సెమిలిగుడ అయితే రేపు ఇంకోటి. కొట్టు మూసే రోజు అమావాస్య. ఆ రోజు ఇల్లంతా కడిగి, పూజ చేసి, చుట్టాలకి వండేది నేనే. ఎటు నడిచినా ఏదో ఒక మంచిమాట అడ్డం వచ్చేది. నన్ను కట్టేసినవాడు ఒకడుంటే వాడితో దెబ్బలాడేదాన్నేమో. ఎవడూ లేడు.

ఆ వేసవిలోనే నాకు తోడు దొరికింది. మా ఆడపడుచు ప్లస్ టూ పాసైంది. లెక్కల్లో మంచి మార్కులు. చదివింది చాల్లెమ్మా అన్నారు ఇంట్లో. ఆ పిల్ల భుజాన సంచీ దిగిన రోజునించి తెర ఇవతలే. మొదటి వారం తెలియక రెండుసార్లు కొట్టులోకి అడుగుపెట్టబోయి వెనక్కి వచ్చింది. తర్వాత కాళ్ళకే తెలిసిపోయింది.

వాళ్ళ మేనమామ తెరుబలి ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్కడికి కొత్త యంత్రం బిగించడానికి వచ్చిన ఒక దేశంకాని దేశం ఇంజనీరు వెళ్ళిపోతూ తన లెక్కల మిషను అతనికి ఇచ్చి పోయాడు. కొట్టులో కూడికలు చేసేలాంటిది కాదు. అరచేతికన్నా పెద్దది, నల్లగా, బరువుగా, పైన అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్ద గాజు పలక. లెక్క చెప్తే దాన్ని వంకర గీతగా గీసి చూపించేది. మేనమామకి దాంతో పనిలేక, లెక్కలు వచ్చిన పిల్లకదా అని మేనకోడలికి ఇచ్చాడు. దాంతోపాటే లావుపాటి పుస్తకం ఒకటి. ఆ పిల్ల పుస్తకం ముందేసుకుని, మధ్యాహ్నాలు మేమిద్దరం బావి గట్టు నీడలో చింతపండు గింజలు తీస్తుంటే, ఒక చేత్తో ఆ మీటలు నొక్కుతూ ఉండేది.

ఒకరోజు నాతో అంది. "వొదినా, ఇందులో గీతలే కాదు, కథ కూడా పెట్టొచ్చు. సదివేవోడే కథలో నడుస్తాడు. ఎటెల్లాలో ఆడే సెప్తాడు."

"నడిసి ఎక్కడికెల్తాడు?"

"అది నువ్వు సెప్పాల. కథలు నీకొచ్చు, మిషను నాకొచ్చు."

అలా మొదలైంది. బొమ్మలుండవు, ఒట్టి అక్షరాలే. నువ్వు ఫలానా చోట ఉన్నావు, ఇటు ఇది ఉంది, అటు అది ఉంది, ఏం చేస్తావు అని పలక మీద పడుతుంది. అంకె నొక్కితే అటు పోతావు. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది. నాకవి చదవడం రాదు కనుక పైకి చదివి వినిపించేది. అంత ఇల్లు అంత చిన్న పెట్టెలో ఎలా పడుతుందని అడిగితే నవ్వింది. మిషనుకి ఇల్లు తెలీదట. ఒక్కొక్క గదికి ఒక్కొక్క అంకె. అంకె మారితే మనిషి గది మారినట్టు. తక్కినదంతా రెండు ముక్కల మాటలే. ఇలా చేస్తే, అలా అవుతుంది. తలుపు తోస్తే, తెరుచుకుంటుంది. బావిలోకి తొంగిచూస్తే, గొంతు వినిపిస్తుంది. చేస్తే అన్నదానికి అవుతుంది అన్నది లేకపోతే మిషను ఒప్పుకోదు.

ఏ ఇల్లు పెడదాం అనుకుంటే ఇద్దరికీ తెలిసిన ఇల్లు ఒక్కటే. కథ నేను చెప్పాను. ఒక పిల్ల ఈ ఇంట్లో చిక్కుకుపోయింది, బయటపడాలి. గోదాములో బస్తాల వెనక ఒక ముసలమ్మ ఉంటుంది. దెయ్యమే గాని మంచిది, ఎవరూ దువ్వక జుట్టు చిక్కు కట్టిపోయింది. పెద్దగదిలో దువ్వెన వెతికి తెచ్చి తల దువ్వితే తాళంచెవి ఇస్తుంది. ఆ తాళంచెవితో అటక మీది పెట్టె తెరిస్తే ప్రమిద దొరుకుతుంది. ప్రమిద వెలిగించి బావిలోకి చూపిస్తే లోపలినించి ఒక గొంతు దారి చెప్తుంది. ఇలా నేను ఊరుకోకుండా చెప్పుకుంటూ పోయేదాన్ని. ముసలమ్మ జుట్టు గురించే నేను చాలాసేపు చెప్పాను, ఏ నూనె రాసేది, మొగుడు ఎలాంటివాడు, ఏ పండక్కి ఏ పువ్వు పెట్టుకునేది. ఆడపడుచు అంతా విని, మిషను నా ముందు ఆడించింది.

"నీ మాటలకి బస్తాలు కావాల వొదినా. ఇది సూస్తే గిద్దంత."

అంత జుట్టునీ కత్తిరించి, ముసలమ్మ, చిక్కు జుట్టు, అని రెండు మాటలు పెట్టింది. నాకు రెండురోజులు కోపం పోలేదు.

దారులు చిక్కుపడకుండా ఉండాలంటే పటం గీసుకోవాలంది. కాగితం మీద గీయడం నాకు చేతకాదు. ముగ్గు డబ్బా తెచ్చి నడవలో చుక్కలు పెట్టాను. కొట్టు ఒక చుక్క, నడవ ఒకటి, పెద్దగది, వంటిల్లు, బావి, గోదాము. ఆ చుక్కల చుట్టూ మెలికలు తిప్పుతూ గీత నడిపించాను, మనిషి నడిచినట్టే. కొట్టు చుక్క దాటాక గీతని వీధి వైపు తీసి వదిలేశాను. అది బయటికి పోయే దారి. ఆడపడుచు చూసి, బాగుంది, తల దువ్వుకుని వచ్చి ఎక్కించుకుంటానని లోపలికి వెళ్ళింది.

అప్పుడే మా అత్తగారు వంటింట్లోంచి వచ్చారు. నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"మిట్టమద్దేనం ముగ్గేటే అమ్మీ?"

ఆట కోసం అత్తయ్యా అన్నాను. ఆమె ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగి, వీధి వైపు వదిలేసిన కొస దగ్గర ఆగారు. "ముగ్గు కొస అలా ఇడిసిపెట్టీకూడదు. కలిపీ."

ఇంట్లో ముగ్గు పెట్టేవాళ్ళు ఎవరైనా అదే అంటారు. మెలికల ముగ్గులో గీత బయల్దేరిన చోటికే వచ్చి చేరాలి. మా అమ్మ కూడా అదే నేర్పింది. నా చెయ్యి ఆలోచించలేదు. వంగి, ఆ కొసని గుండ్రంగా తిప్పి తెచ్చి నడవ చుక్క దగ్గర కలిపేశాను. ముగ్గు అందంగా కుదిరింది. ఆడపడుచు జడ వేసుకుని వచ్చి, ముగ్గు చూసుకుంటూ దారులన్నీ మిషనులోకి ఎక్కించింది. కొట్టులోకి పోతే ఏమవుతుంది? ముగ్గు ప్రకారం నడవలోకి వస్తుంది. అక్కడ ఏ మాట పెట్టాలని అడిగితే నేనే చెప్పాను. కొట్టు తెరిచి ఉంది, లోపలికి పో. ఆమె అదే రాసింది. ఇద్దరికీ అందులో వింతేమీ కనిపించలేదు. గోడని గోడ అన్నట్టు ఉంది.

వానలు మొదలయ్యాయి. మిషను మింగే సన్న సెల్లులు రాయగడలో దొరికేవి కావు. సెమిలిగుడ సంతకి వెళ్ళినప్పుడు మా ఆయన అక్కడి అంగళ్ళలో వెతికి తెచ్చేవాడు, ఏం తింటుందే ఇది అని విసుక్కుంటూ. అమ్మ గురించి ఆయనతో అన్నాను. తీసుకెళ్తాను, ఈ వలిసెల పని తెమలనీ అన్నాడు. అదీ మంచిమాటే. బావి గట్టు తడిసిపోయి, మేము నడవలోకి మారాము. తెర కింద పాదాలకి బురద. నేను చెప్పే కథలో పిల్ల కూడా నాలాగే తిరిగేది. దువ్వెన, ముసలమ్మ, తాళంచెవి, పెట్టె, ప్రమిద, బావి. బావిలో గొంతు ఏం చెప్పాలని ఆడపడుచు అడిగినప్పుడల్లా నేను ఇంకొక గదో ఇంకొక వస్తువో కల్పించేదాన్ని. చివరికి మిషనులో ఇక చోటు లేదంది. అప్పుడు బావిలో గొంతు చేత ఒక్క మాట చెప్పించాము. ముందుకి పో, అని.

ఆట పూర్తయిందనే అనుకున్నాము.

మా వీధి చివర ఒక క్రైస్తవుల కుటుంబం ఉండేది. కోస్తా నించి వచ్చినవాళ్ళు. తల్లి ఆస్పత్రిలో నర్సు. ఆమె కూతురు, మా ఆడపడుచు ఒకే తరగతిలో చదివారు. ఆ పిల్ల చదువు సాగుతోంది. వచ్చినప్పుడల్లా కొట్టులోంచే, మావగారికి నమస్కారం పెట్టి, తెర తోసుకుని నేరుగా వచ్చేసేది. ఆమెకి మిషను ఇచ్చి ఆడమన్నాము. నేను పక్కన కూర్చుని ఆ పిల్ల మొహమే చూస్తున్నాను. ముసలమ్మ దగ్గర నవ్వింది. ప్రమిద దొరికితే సంతోషించింది. బావిలో గొంతు విని, అంకె నొక్కి, మళ్ళీ నొక్కి, మళ్ళీ నొక్కింది.

"ఇంతకీ బయటికెలా వెళ్ళాలి?" అంది.

"ఎతుకు. ఉంటాది," అంది మా పిల్ల గర్వంగా.

ఇంకాసేపు నొక్కింది. "లేదు. ఎటు వెళ్ళినా నడవలోకే వస్తోంది. కొట్టులోంచి వెళ్ళనివ్వట్లేదేంటి? అదే కదా దారి. నేను ఇప్పుడు అక్కణ్ణించే కదా వచ్చాను."

"నువ్వంటే బయటిదానివి."

"అయితే మీరు వెళ్తే ఏమవుతుంది?" అని నా వైపు తిరిగింది. "అక్కా, నిజంగా అడుగుతున్నాను. ఏమవుతుంది?"

ఎకసెక్కం కాదు, ఆ పిల్లకి నిజంగా తెలీదు. నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. మా ఇంట్లో పిల్లి ఎందుకు కుంటుతుందో అడిగినా కథ చెప్పే మనిషిని. లక్ష్మి పోతుంది అన్నది తెలుసు. కాని పోయిందని ఎవరూ చెప్పగా వినలేదు. ఎవరైనా దాటారా, దాటితే మావగారు ఏమన్నారు, ఇంట్లో ఏం జరిగింది, ఒక్క ముక్క కూడా ఎవరి నోటా వినలేదు. ఎవరూ దాటలేదు మరి.

ఆ పిల్ల వెళ్ళిపోయాక మా ఆడపడుచు మిషను తెరిచి ఆ చోటు వెతికి పట్టుకుంది.

"ఇలా సేస్తే అని రాసేసేను వొదినా. అలా అవుతాది అన్నది కావాల. కొట్టు దాటితే ఏటవుతాది? సెప్పు."

"తెలీదమ్మీ."

"లక్ష్మి ఎలిపోద్దని రాయనా?"

"ఎలిపోడం నువ్వు సూసేవేటి?"

"పోనీ, సచ్చిపోతావని రాస్తాను. ఆట అయిపోద్ది."

"అబద్ధం రాయకు."

మిషను పక్కన పెట్టేసింది. నేను లేచి నడవలో ముగ్గు పెట్టిన చోటు చూశాను. కడిగి చాలా రోజులైంది, అక్కడ ఏమీ లేదు. అయినా ఆ కొసని వంచి తెచ్చిన నా చెయ్యి నాకు కనిపించింది. అత్తగారు కలిపీ అన్నారు. కలిపింది మాత్రం నేను.

ఆ వారంలోనే మా తమ్ముడు మళ్ళీ వచ్చి వెళ్ళాడు. అన్నం దగ్గర మావగారు తలెత్తకుండా చెప్పారు. ఒక కన్ను పూర్తిగా పోయిందట. రెండోదానిలో ఎదురుగా ఉన్నది మాత్రం కనిపిస్తుందట, పక్కలన్నీ చీకటట. చెప్పి, మజ్జిగ పోసుకుని, దీపావళి ఎంతో దూరం లేదమ్మా అన్నారు. నేను మజ్జిగలో ఉప్పు వేశాను. ఆ పూట నా పళ్ళెంలో అన్నం అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్న దీపం వెలిగింది. సాంబ్రాణి వాసన తెర కిందనించి నడవలోకి వచ్చింది. నేను స్నానం చేసి పసుపుపచ్చ చీర కట్టుకున్నాను. అమ్మకి బాగా కనిపించే రంగు ఏదో నాకు తెలీదు, అది అన్నిటికన్నా గాఢమైనదని కట్టుకున్నాను. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూశారు.

"కొట్టు తెరిసుంది," అన్నారు.

"తెలుసత్తయ్యా."

ఆమె పక్కకీ జరగలేదు, అడ్డమూ రాలేదు. ఆడపడుచు మిషను చేత్తో పట్టుకుని నా వెనకే నడవ దాకా వచ్చింది. నేను తెర పక్కకి తీశాను.

అంత వెలుతురు ఉంటుందనుకోలేదు. రాత్రి కొట్టు కట్టాక ఊడ్చినప్పుడు బల్బు వెలుగులో చూసిన నేలే అది, కాని వీధి తెరుచుకుని ఉంటే వేరే చోటులాగ ఉంది. మావగారు తరాజు పట్టుకుని చింతపండు తూస్తున్నారు. ముందు నలుగురైదుగురు కొండవాళ్ళు. అందరూ ఆగిపోయారు. తరాజు ముల్లు ఊగుతూ ఉంది, ఆయన అది చూడ్డం మానేసి నన్ను చూశారు. నా కాళ్ళ కింద నేల చల్లగా, చింతపండు జిగురుతో ఉంది. దారిలో కొండమీంచి దిగిన ఒక దేశియా ముసలామె గంప ముందు పెట్టుకుని కూర్చుంది. ఆమె నా మొహం చూసి, కాళ్ళు చూసి, గంపని పక్కకి జరిపింది. ముందుగా నాకు దారి ఇచ్చింది ఆమే.

"ఎక్కడికమ్మా?" అన్నారు మావగారు.

"కకిరిగుమ్మ మావయ్యా. మా అమ్మని సూడ్డానికి. సాయంత్రం బండికి వచ్చీస్తాను."

"వొక్కదానివేనా?"

జవాబు నా వెనకనించి వచ్చింది. "నేనూ ఎల్తన్నాను నాన్నా," అంది తెర పట్టుకుని నిలబడ్డ పిల్ల.

ఆయన తరాజు దించారు. మనిషి మొహంలో ఎన్ని రంగులు వస్తాయో అన్నీ వచ్చాయి. జనం చూస్తున్నారు. ఏదో అనబోయి వీధిలోకి, కొండ మీదికి చూశారు.

"వోనొచ్చేలాగుంది," అన్నారు. "గొడుగట్టుకెల్లండి."

గొడుగు గల్లాపెట్టె పక్కనే వేలాడుతూ ఉంది. ఆయనదే. నేనే చెయ్యి చాపి తీసుకున్నాను.

రైల్లో ఆ పిల్ల కిటికీ వదల్లేదు. ఆ దారిలో సొరంగాలు ఎన్నో ఉన్నాయి కదా. పెట్టె చీకటైపోవడం, దూరంగా గుండ్రంగా ఒక వెలుగుచుక్క కనిపించడం, అది పెద్దదై బయటపడటం. చీకటైనప్పుడల్లా నేను ఆ వెలుగుచుక్కకేసే చూశాను. అమ్మ ఇప్పుడు ఇలాగే చూస్తుంది కాబోలు అనుకున్నాను. దాని చుట్టూ చెట్లుంటాయి, మనుషులుంటారు, ఆమెకి అది తెలుసు, కనిపించదు.

అమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. నేను పక్కనించి వెళ్తే గుర్తుపట్టలేదు. ఎదురుగా వెళ్ళి, మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాను. తల అటూ ఇటూ కొంచెం కొంచెం కదిపి నా మొహాన్ని ముక్కముక్కలుగా ఏరుకుంది. నుదురు, ముక్కు, గెడ్డం. మళ్ళీ కళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. నేను కదిలితే ఎక్కడ తప్పిపోతానో అని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

"సిక్కిపోయేవు," అంది. తర్వాత పసుపుచీర కొంగు పట్టుకుని చూసింది. తర్వాత అడిగింది. "ఎలా వచ్చేవే? ఇయ్యాల కొట్టు కట్టీసేరేటి?"

"లేదమ్మా. తెరిసే ఉంది."

అమ్మకి ఆ ఇంటి సంగతి తెలుసు. నా వేలు పట్టుకుని అరుగు మీద అలా రాస్తూ కూర్చుంది, పిండి లేకుండానే.

సాయంత్రం బండికి దిగి ఇంటికొచ్చేసరికి కొట్టు ఇంకా తెరిచే ఉంది. వీధిలో నా కాళ్ళు ఆగిపోయాయి. ఆడపడుచు ఆగలేదు. మెట్టెక్కి, తడిసిన గొడుగు గల్లాపెట్టె పక్కన తగిలిస్తూ తండ్రితో అంది. "ఆడది బయటికెల్తే లక్ష్మి ఎనకే ఎలిపోద్దంటారు కదా నాన్నా. మరి మేం లోపలికొచ్చేం. దీన్నేటంటారు?"

పక్కన కూర్చున్న బేరగాడు నవ్వాడు. మావగారు నవ్వలేదు. కాని తరాజులోకి చూస్తూ, కాళ్ళు కడుక్కుని అన్నం తినండి అన్నారు. తర్వాత చాలారోజులు నాతో ముభావంగానే ఉన్నారు. అన్నం దగ్గర కూరేదో, పులుసేదో అన్న మాటలే. ఆచారం కూడా ఆ ఒక్కరోజుతో పోలేదు. ప్రతిసారీ తెర తీయడానికి మళ్ళీ అంత బలమూ కూడగట్టుకోవలసి వచ్చేది. కాని వెళ్ళాను. అమ్మ రెండో కన్ను కూడా మూసుకుపోయేలోపు ఆమె ఎదురుగా మరికొన్నిసార్లు కూర్చున్నాను. తర్వాత కూడా నా చెయ్యి తగిలితే పసుపుచీరేనా అని అడిగేది. ఏ చీర కట్టుకున్నా అవునమ్మా అనేదాన్ని.

అత్తగారు ఆ రోజు నాకు వడ్డించారు. నేను తింటూండగా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. ఆ ఇంటికి కోడలిగా వచ్చి జుట్టు నెరిసిపోయిన మనిషి.

"కొట్టు తెరిసున్నపుడు ఎలా ఉంటాదే?" అని అడిగారు, మెల్లిగా.

ఉన్నదున్నట్టు చెప్పాను. వెలుతురు, తరాజు, గంప జరిపిన ముసలామె, జిగురు నేల. ఆమె అంతా విన్నారు. నేను చెప్పిన కథల్లో ఏదీ ఆమె అంత శ్రద్ధగా వినలేదు.

మర్నాడు ఆడపడుచు మిషను తీసింది. చోటు లేదని ముసలమ్మ చిక్కు జుట్టు కూడా తీసేసి, ఖాళీ చేసుకుంది. ఈసారి నాకు కోపం రాలేదు. కొట్టు దాటితే అన్న దగ్గర ఏం పెట్టాలని నన్ను అడగలేదు. తనే రాసి చదివింది. కొట్టు దాటావు. వాన వచ్చేలా ఉంది. గొడుగు పట్టుకెళ్ళు. అక్కడితో ఆట అయిపోతుంది. నర్సుగారి పిల్ల ఆడి, ఇంత కష్టపడితే చివరికి గొడుగా, ఇదేం గెలుపు అని పెదవి విరిచింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. వానలు వెళ్ళాక మా పిల్ల భుజాన మళ్ళీ సంచీ ఎక్కింది, అదెలా ఎక్కిందో అదొక పెద్ద కథ. మిషను మాత్రం సెల్లులు అయిపోయి అటకెక్కింది. సెల్లులు పోతే లోపల పెట్టినదంతా చెరిగిపోతుందట. పోనివ్వండి, నాకు గుర్తుంది కదా.

సరే, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి, లేవండి. మీ ఇంటి దీపం నిండుగా వెలగాలి, ఆ వెలుగులో మీ ఆడపిల్లలు లోపలికీ బయటికీ తిరుగుతూ ఉండాలి. మీకోసం ఎదురుచూసే కళ్ళు ఎక్కడున్నా, చూపు ఉండగానే మీరు వెళ్ళి ఎదురుగా కూర్చోవాలి. మీరు బయల్దేరిన వేళ మీ ఇంట్లో ఒకరు వెనకనించి గొడుగు అందించాలి.